శ్రామిక బంధువు మఖ్దూం మొహియుద్దీన్

మన డోంగ్లి నుండి మద్నూరు చేరి, నాందేడ్ నుండి సంగారెడ్డికి పోయే రహదారిని పట్టుకొని దక్షిణ దిశగా సాగితే, పిట్లం, నిజాంపేట దాటిన పిమ్మట జోగిపేట వస్తుంది. దానిని ఆనుకొని ఉన్న ఊరే ఆందోల్. హైదరాబాద్‌కు పోయే బస్సులో మన విద్యార్థులు ఎన్నోమార్లు ఆ ఊరి మీదుగా ప్రయాణం చేసి ఉంటారు. ఉర్దూ సాహిత్యంలో చిరస్మరణీయుడైన ఒక కవి, హైదరాబాద్ సంస్థానపు కార్మికులను ఒక్క త్రాటి మీదకు తెచ్చిన ఒక నాయకుడు పుట్టిన గడ్డ అదేనని ఎరిగినవారు వారిలో కొద్దిమందే. ఆ కవీ, ఆ నాయకుడూ ఒక్కరే. ఆయనే మఖ్దూం మొహియుద్దీన్.

మఖ్దూం గజళ్ళు విని తల ఊపేవారు నేటికీ ఎందరో ఉన్నారు. ఆయన పాటలు సినిమాలలో వినిపించి దేశమంతటా ప్రచారం పొందాయి. అయితే ఆయన జీవితంలో అధికభాగం ముషాయిరాలలో గడువలేదు. కర్మాగారాల ద్వారాల ముందు, కార్మికుల గుడిసెలలో, అజ్ఞాతవాసంలో, కారాగారంలో గడిచింది. కూలి పెంచమని అడిగిన మనిషిని రాజద్రోహి అన్నారు, మతద్రోహి అన్నారు, పరాయి దేశపు మనిషి అన్నారు. ఇన్ని అనుమానాల నడుమ ఒక మనిషి నిటారుగా ఎలా నిలబడగలిగాడో తెలుసుకోవడం విద్యార్థులకు ఎంతో అవసరమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4వ తేదీన ఆందోల్‌లో జన్మించారు. ఆయన పూర్తి పేరు అబూ సయీద్ ముహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. తండ్రి గౌస్ మొహియుద్దీన్ బాల్యంలోనే గతించగా పినతండ్రి బషీరుద్దీన్ ఆయనను పెంచి పెద్దచేశారు. ఆ ఇల్లు ధర్మనిష్ఠ గల ఇల్లు. ఐదు పూటల నమాజు, ఖురాన్ పఠనం, మసీదు ఊడ్చి నీళ్ళు తోడి పెట్టడం ఆ బాలునికి నిత్యకృత్యాలు. దూరదేశమైన రష్యాలో విప్లవం వచ్చిందనీ, అక్కడ ధనికుడూ పేదవాడూ ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చుండి భుజిస్తారనీ పినతండ్రి ఒకనాడు ఇంట్లో చెప్పగా ఆ పిల్లవాడు ఆశ్చర్యపోయి విన్నాడని చెబుతారు. మసీదులో రాజూ బంటూ ఒకే వరుసలో నిలబడతారని ఎరిగిన పిల్లవానికి, అన్నం దగ్గర కూడా అట్టి వరుస ఉండవచ్చునన్న తలపు కొత్తదే గాని వింతది కాదు. ఆయన భావి జీవితానికి బీజం అక్కడే పడిందని నా నమ్మకం.

ఉన్నత విద్యకై ఆయన హైదరాబాద్ చేరి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. చేతిలో పైకం లేదు. ట్యూషన్లు చెప్పుకొనీ, దొరికిన చిన్న పనులు చేసికొనీ కాలం గడిపారు. తల దాచుకొనే చోటు లేక మసీదులో పడుకొన్న రాత్రులు కూడా ఉన్నవి. అట్టి పేదరికంలోనూ ఆయన హాస్యం, ఆయన కంఠం విద్యార్థిలోకాన్ని ఆకట్టుకొన్నాయి. 1933లో వ్రాసిన పీలా దుశాలా అనే హాస్యగీతం ఆయనకు మొదటి పేరు తెచ్చింది. 1934లో బి.ఏ. పూర్తి చేసి, తరువాత ఎం.ఏ. పట్టా పొందారు. బెర్నార్డ్ షా నాటకాన్ని ఆధారం చేసికొని హోష్ కే నాఖూన్ అనే నాటకాన్ని సిద్ధం చేశారు. మురికివాడల పేదల వద్ద అద్దె పిండుకొని పెద్దమనుషులుగా చలామణి అయ్యేవారి కథ అది. 1935లో రవీంద్రనాథ్ టాగోర్ కవిత్వంపై ఉర్దూలో ఒక గ్రంథం ప్రకటించారు. ఈ రచనలను బట్టి చూస్తే ఆ యువకుని దృష్టి ఏ వైపునకు మళ్ళుతున్నదో స్పష్టమవుతుంది.

1939లో ఆయన హైదరాబాద్ సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకులైనారు. ఆ కాలంలో కళాశాల అధ్యాపకత్వం అంటే గౌరవం, నెల జీతం, నిశ్చింత. అనాథగా పెరిగి మసీదులో నిద్రించిన మనిషికి అది సామాన్యమైన లాభం కాదు. అయినా కొద్ది సంవత్సరాలకే ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి కార్మికోద్యమంలోకి దిగారు. అప్పటికే రాజ్ బహదూర్ గౌడ్, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ మొదలైన మిత్రులతో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్‌లో పనిచేసి, కమ్యూనిస్టు పార్టీ మార్గాన్ని ఎన్నుకొన్నారు. ఒక అధ్యాపకుడు పాఠం చెప్పడం మాని కర్మాగారానికి పోయినాడని ఆనాడు చాలామంది అనుకొన్నారు. ఆయన పాఠం చెప్పే చోటు మార్చుకొన్నారే గాని పాఠం చెప్పడం మానలేదని నాకు తోస్తుంది.

ఆనాటి పరిస్థితిని కొంత వివరించవలసి ఉన్నది. నిజాం సంస్థానంలో ఆధునిక పరిశ్రమలు అప్పుడప్పుడే వేళ్ళూనుకొంటున్నాయి. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ మిల్లు, మన బోధన్‌లో 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం, హైదరాబాద్‌లో చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కర్మాగారం, 1942లో వచ్చిన ఆల్విన్, రైల్వే వర్క్‌షాపులు, కొత్తగూడెం బొగ్గుగనులు వేలాది కూలీలను పల్లెల నుండి రప్పించాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం, బట్ట, కిరసనాయిలు ధరలు ఆకాశానికి ఎగశాయి. కూలి మాత్రం నేలను విడువలేదు. ఇక నోరు విప్పుదామంటే గస్తీ నిషాన్ 53 అనే ఫర్మానా అడ్డం వచ్చేది. దాని ప్రకారం ప్రభుత్వ అనుమతి లేనిదే బహిరంగసభ జరుపరాదు. ఆకలి గలవాడు తన ఆకలిని పదిమందిలో చెప్పుకోవడానికి సైతం సర్కారు సెలవు పొందవలసిన రోజులవి.

అట్టి రోజులలో మఖ్దూం సిగరెట్ కర్మాగారపు కార్మికులనూ, ఆల్విన్ కార్మికులనూ, రైల్వే కార్మికులనూ సంఘాలుగా కూడగట్టారు. సంఘం పెట్టడం అంటే ఒక్క ఉపన్యాసంతో తీరిపోయే పని కాదు. చందా అణాల లెక్క తప్పకుండా చూడాలి. పనిలో నుండి తీసివేయబడిన వాని ఇంటికి పోయి ఆ పూట పొయ్యి వెలిగినదా లేదా విచారించాలి. చదువు రాని వాని పక్షాన అర్జీ వ్రాయాలి. యజమాని పంపిన మనిషి రహస్యంగా డబ్బు ఇవ్వజూపితే కాదనాలి. ఈ పనులన్నీ ఆ కవి ఓర్పుతో చేశారు. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే కూలీలు ఒకే సంఘంలో కూర్చున్నారు. 1944లో వెలువడిన ఆయన మొదటి కవితాసంపుటి సుర్ఖ్ సవేరాకు ఆ పేరు ఊరక రాలేదు. 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినప్పుడు దాని నాయకత్వం ఆయనకు లభించింది.

అనుమానం చుట్టుముట్టిందీ అప్పుడే. అది ఒక్క దిక్కు నుండి రాలేదు.

యజమానులు ఆయనను పనివారిని చెడగొట్టేవానిగా చూశారు. ప్రభుత్వం ఆయనను రాజద్రోహిగా చూచింది. ఆసఫ్‌జాహీ పాలన ముస్లిముల పాలన గనుక దానిని ప్రశ్నించే ముస్లిం ఇంటి దొంగ అని తన సమాజంలోనే కొందరు నిందించారు. ఈ చివరి నింద ఎంత బాధాకరమో అట్టి నింద మోసినవారికే తెలుస్తుంది. నిజానికి ఆ పాలనలో సామాన్య ముస్లిం జీవితం ఎట్లుండేది? జాగీర్దారు ముస్లిమే కావచ్చును గాని సిగరెట్ కర్మాగారంలో పొగాకు దుమ్ము పీల్చిన కూలీ కూడా ముస్లిమే. ఇద్దరూ ఒకే మసీదులో నమాజు చేసినా సాయంత్రం ఇద్దరి దస్తర్‌ఖాన్ ఒకటి కాదు. మఖ్దూం ఆ రెండవవాని పక్షాన నిలబడ్డారు. అది మతాన్ని విడిచిపెట్టడం ఎట్లవుతుంది?

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలికాగా తెలంగాణ పల్లెలు మండిపోయాయి. ఆ సంవత్సరాంతంలో కమ్యూనిస్టు పార్టీ నిషేధింపబడింది. మఖ్దూంపై వారెంటు వెలువడింది. పట్టి ఇచ్చినవారికి బహుమానం ప్రకటింపబడింది. నిన్నటి దాకా పదివేలమంది ఎదుట కవిత చదివిన మనిషి పేరు మార్చుకొని, ఇల్లిల్లూ మారి తిరుగవలసి వచ్చింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ కలిసి నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

ఇక్కడ ఒక విషయం నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. ఆయుధం పట్టుమన్న పిలుపు చిన్న విషయం కాదు. దాని వెంట వచ్చిన ప్రాణనష్టం అపారం. 1948 తరువాత కూడా ఆ పోరాటం కొనసాగించడం సరియైనదా అన్న విషయంలో ఆ పార్టీవారిలోనే తీవ్రమైన భేదాభిప్రాయాలు వచ్చాయి. రావి నారాయణరెడ్డి వంటివారు దానిని విరమించాలనే అభిప్రాయం కలిగి ఉండిరి. కాని మఖ్దూంపై అనుమానం ఆయుధంతో మొదలు కాలేదు. ఆయన కూలి అడిగిననాడే, సభ జరుపుకొనే హక్కు అడిగిననాడే మొదలయింది. తలుపు తెరిచి ఉంచితే లోనికి వచ్చి మాట్లాడే మనిషిని, తలుపులన్నీ మూసి చీకటిలోకి తరిమి, ఆ పిమ్మట చీకటిలో తిరుగుతున్నాడని నేరం మోపారు. భయంతో చూచే ప్రభుత్వం తాను దేనికి భయపడుతున్నదో దానినే తన చేతులతో తయారు చేసికొంటుంది.

1948 నాటి హైదరాబాద్ నోరు విప్పినవారికి నిలువ నీడ లేని పట్టణం. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ భారతదేశంలో కలవాలని వ్రాసినందుకు ఆ సంవత్సరం ఆగస్టులో నడివీధిలో దారుణంగా హత్య చేయబడినాడు. అదే సంవత్సరం మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తివేయగా, వీరు రజాకార్లతో చేతులు కలిపినారన్న కొత్త అనుమానం పుట్టింది. నిన్న రజాకార్ల శత్రువులన్నవారినే నేడు రజాకార్ల మిత్రులన్నారు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన అంతమైంది. ఆ దినాలలో జిల్లాలలో ఎందరో అమాయక ముస్లిములు ప్రాణాలు కోల్పోయిన సంగతిని పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తమ నివేదికలో నమోదు చేశారు. పాలన మారినా మఖ్దూం అజ్ఞాతవాసం ముగియలేదు. నిజాం వారెంటు పోయి భారత ప్రభుత్వపు వారెంటు వచ్చింది. 1951లో ఆయన అరెస్టయి కారాగారం పాలైనారు. ఖైద్ అనే ప్రసిద్ధ కవిత ఆ చెరసాల గోడల మధ్య పుట్టినదే.

1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమింపబడింది. విడుదలైన మఖ్దూం 1952 సాధారణ ఎన్నికలలో హైదరాబాద్ నగరంలోని షాలీబండా నుండి పోటీ చేసి ఓడిపోయారు. ఉర్దూ మాట్లాడే తన నగరం ఓడించిన ఆ కవిని, ఆ తరువాత ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ రైతులు గెలిపించి హైదరాబాద్ శాసనసభకు పంపారు. నల్లగొండ జిల్లాలో తెలుగు తప్ప వేరు భాష ఎరుగని ఆ పల్లెవాసులకు ఆయన గజళ్ళలోని సొగసు తెలిసి ఉండకపోవచ్చును. ఆయన ఎవరి కోసం చెరసాలకు పోయినాడో మాత్రం వారికి తెలుసు. మన కళాశాల వంటి ఉర్దూ, తెలుగు విద్యాసంస్థలో చదివేవారు ఈ సంఘటనను మరువరాదు. రెండు భాషల మధ్య వంతెన వ్యాకరణంతో కాక విశ్వాసంతో కట్టబడుతుందని అది తెలియజేస్తున్నది.

ఆ తరువాత ఆయన ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిమీద వియన్నాలో కొంతకాలం ఉండి, పలు దేశాలు పర్యటించారు. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి ఏర్పడిన పిమ్మట అందులో సభ్యులై ప్రతిపక్ష నాయకులుగా వ్యవహరించారు. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. ఏ మనిషి తలకు వెల కట్టారో ఆ మనిషే చట్టసభలో నిలబడి, నియమాలను పాటించి, కార్మికుల పక్షాన ప్రశ్నలు అడిగారు. బహిరంగంగా మాట్లాడే అవకాశం దొరికినంతనే ఆయన దానిని గౌరవించారు. ఆయనను అనుమానించినవారికి అంతకు మించిన సమాధానం ఏమి కావాలి?

కార్మికనేతలపై అనుమానం, హింస హైదరాబాద్‌కే పరిమితం కాదు. ఎనిమిది గంటల పని దినం కోరిన అమెరికా కార్మికుల సభలో 1886 మే 4న షికాగోలో బాంబు పేలగా, అది ఎవరు విసిరిందీ తేలకుండానే మరుసటి సంవత్సరం నలుగురిని ఉరితీశారు. 1893లో ఆ రాష్ట్ర గవర్నరు ఆ విచారణ అన్యాయమని తేల్చి, మిగిలినవారికి క్షమాభిక్ష ప్రసాదించారు. ఉరికంబమెక్కినవారు మాత్రం తిరిగి రాలేదు. ఉద్యోగుల సంఘంలో పనిచేసి నాయకుడైన కాంగో ప్రధాని పాట్రిస్ లుముంబా 1961 జనవరిలో హత్యకు గురికాగా, మఖ్దూం హృదయం క్షోభించి చుప్ న రహో అనే కవితగా వెలువడింది. పారిశుధ్య కార్మికుల సమ్మెకు అండగా మెంఫిస్ నగరానికి పోయిన మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4న అక్కడే తుపాకి గుండుకు నేలకొరగగా, ఆయనపై కూడా మఖ్దూం కవిత వ్రాశారు. మఖ్దూం అనంతరం మన దేశంలోనే 1970లో బొంబాయిలో శాసనసభ్యుడు కృష్ణా దేశాయి, 1991లో భిలాయిలో శంకర్ గుహా నియోగి, 1997లో ముంబయిలో దత్తా సామంత్ హత్యకు గురైనారు. వారి మార్గాలు వేరు, సిద్ధాంతాలు వేరు. కాని ప్రతి ఉదంతంలోనూ ఒక క్రమం కనిపిస్తుంది. ముందుగా ఒక నింద పుడుతుంది. ఆ నింద పదిమంది నోళ్ళలో నలిగి నిజంలా చెలామణి అవుతుంది. అట్లు ఒంటరియైన మనిషి మీద దెబ్బ పడుతుంది. హంతకుడు ఒక్కడే కావచ్చును గాని, ఆ నిందను విని ఊరకున్నవారు అనేకులు.

మఖ్దూంకు అట్టి మరణం రాలేదు. సంఘంలోని సహచరులు, దాచిన ఇళ్ళు, అన్నం పెట్టిన చేతులు ఆయనను కాపాడాయి. ఎంతో దుఃఖం చూచినా ఆయన కవిత్వం కఠినం కాలేదు. 1961లో గుల్-ఎ-తర్, 1966లో బిసాత్-ఎ-రక్స్ వెలువడ్డాయి. ఆయన రచించిన చారాగర్ 1964లో చా చా చా చిత్రంలో గీతమై వినిపించింది. మల్లెపందిరి క్రింది ప్రేమను, యుద్ధానికి పోయే సిపాయి వెనుక మిగిలే కన్నీటిని, తెలంగాణ కర్షకస్త్రీ ధైర్యాన్ని ఆయన ఒకే కలంతో వ్రాశారు. ప్రేమను ఎరుగనివాడు న్యాయాన్ని కోరలేడని ఆయన జీవితం చెబుతున్నది.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మఖ్దూం కన్నుమూశారు. భౌతికకాయాన్ని హైదరాబాద్‌కు తెచ్చి నాంపల్లిలోని హజ్రత్ షా ఖామోష్ దర్గా శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం బిసాత్-ఎ-రక్స్‌కు లభించింది గాని దానిని అందుకొనుటకు కవి లేరు. హిమాయత్‌నగర్‌లోని మఖ్దూం భవన్, ట్యాంక్‌బండ్ మీది విగ్రహం ఆయన పేరును నిలిపాయి. ఒకనాడు ఆయనను వెదికి పట్టుకొనుటకు పోలీసులు తిరిగిన నగరమే ఆయనకు విగ్రహం నిలిపింది.

విద్యార్థులారా! ఈ కథ మీకు దూరమైనది కాదు. మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వేలాది ఇళ్ళలో తల్లులు, అక్కలు బీడీలు చుడుతున్నారు. వారికి భవిష్యనిధి, గుర్తింపు కార్డు దయతో దొరికినవి కావు. ఎవరో అడిగినందున, అడిగి మాటపడినందున దొరికినవి. మన గ్రామాల నుండి గల్ఫ్ దేశాలకు పోయినవారిలో అనేకులు కార్మికసంఘం పెట్టుకొనే హక్కు లేని సౌదీ అరేబియా వంటి చోట్ల పని చేస్తున్నారు. జీతం ఆగిన నెలలో వారి పక్షాన మాట్లాడే గొంతు ఉండదు. అట్టి గొంతు విలువ ఏమిటో వారి ఇంటివారికి వివరించి చెప్పనక్కర లేదు.

రేపు మీలో కొందరు ఉద్యోగులవుతారు, కొందరు యజమానులవుతారు, కొందరు అధికారులవుతారు. మీ ఎదుట ఒక మనిషి నిలిచి పదిమంది పక్షాన అడిగిన నాడు, వీని వెనుక ఎవరున్నారని అడుగకముందు, వీడు చెప్పినది నిజమా కాదా అని విచారించండి. మఖ్దూం అడిగినది ఆ మాత్రమే. నాంపల్లికి పోయినప్పుడు ఆయన సమాధి వద్ద ఫాతిహా చదివి రండి. దారిలో ఆందోల్ వచ్చినప్పుడు ఒక్కమారు తలెత్తి చూడండి.